ఎర్ర జాబితా పక్కన పెట్టి, పిల్ల బరువు చూడండి

ప్రశ్న: మాది రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర ఊరు. మా పాపకి ఏడేళ్లు. మూడేళ్లుగా మోచేతుల మీద, మోకాళ్ల మీద దురద పొక్కులు. తరచూ కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, వారం బాగుంటే వారం విరేచనాలు. మందులు వాడితే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఉగాదికి ముందు విశాఖపట్నంలో ఒక ల్యాబులో ‘ఫుడ్ సెన్సిటివిటీ’ రక్తపరీక్ష చేయించాం. రెండు వందలకు పైగా పదార్థాలతో రిపోర్టు ఇచ్చారు. పాలు, పెరుగు, గోధుమ, గుడ్డు, కందిపప్పు, వేరుశనగ, నువ్వులు, టమాటా, వంకాయ, అరటిపండు ఇలా 38 ఎరుపులో ఉన్నాయి. ఉగాది నుంచి ఐదు నెలలుగా అన్నీ మాన్పించేశాం. మొదటి నెల దురద బాగా తగ్గింది. అప్పుడే సబ్బు మార్చి, రెండుపూటలా కొబ్బరినూనె రాయడం కూడా మొదలుపెట్టాం. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. ఉగాదికి 19 కిలోలు ఉండేది, ఇప్పుడు పదిహేడున్నర. అన్నం, బంగాళాదుంప, ఆనపకాయ, ఇంకో రెండు మూడు కూరలు తప్ప ఏమీ పెట్టట్లేదు. రథయాత్రలో వాళ్ల నాన్న చూసేలోపే రెండు రసగొల్లాలు తినేసింది. బడిలో గుడ్డు కూర చాటుగా తింటోందని మేష్టారు చెప్పారు. మా అత్తగారు ‘పిల్లని ఎండగట్టేస్తున్నావు’ అని రోజూ అంటున్నారు. ల్యాబు వాళ్లు ఇంకో ఆరు నెలలు పత్యం చేయించమంటున్నారు, వెంట్రుకలతో చేసే మరో పరీక్ష కూడా ఉందంటున్నారు. ఏం చేయాలి? రెండేళ్ల బాబుకి కూడా ఈ పరీక్ష చేయించాలా?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఎర్ర జాబితా కాదు, పదిహేడున్నర అన్న అంకె. ఏడేళ్ల పిల్ల ఏడాదికి సుమారు రెండు కిలోలైనా పెరగాలి. పెరగకపోగా ఐదు నెలల్లో కిలోన్నర తగ్గింది. మూడేళ్ల జబ్బు, దాని మీద పప్పు, పాలు, గుడ్డు మూడూ లేని తిండి. ఈ వారంలోనే పాపని పిల్లల డాక్టరుకి చూపించండి. బరువుతో పాటు ఎత్తు కూడా కొలిపించి, వయసుకు తగ్గ ఎదుగుదల పట్టిక మీద గుర్తు పెట్టించండి. మిగతా విషయాలన్నీ దాని తర్వాతే.

మీరు చేసినదంతా పిల్ల బాధ చూడలేకే చేశారు. రాత్రుళ్లు గోక్కుంటూ ఏడ్చే పిల్లని చూస్తూ కూర్చోవడం ఏ తల్లి వల్లా కాదు. ఎవరో ఒకరు రంగుల కాగితం చేతికిచ్చి ‘ఇదిగో కారణం’ అంటే పట్టుకుంటాం. అందుకే ఆ కాగితంలో ఉన్నదేమిటో మీకు వివరంగా చెప్పాలి.

ఆ పరీక్ష కొలిచేది రక్తంలోని ఐజీజీ అనే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను). మనం తినే ప్రతి పదార్థంలోని ప్రొటీన్లను శరీరం గుర్తుపట్టి, వాటికి కొన్ని ఐజీజీలు తయారు చేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇవి ఉంటాయి. బడిలో హాజరుపట్టీ చూస్తే ఆ రోజు ఎవరు వచ్చారో తెలుస్తుంది, కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారో తెలియదు. ఐజీజీ కూడా అంతే: పాప ఏం తింటూ వచ్చిందో చెబుతుంది, ఏది పడలేదో చెప్పదు. రోజూ తినే పాలు, గోధుమ, కందిపప్పు, గుడ్డు ఎరుపులో రావడానికి కారణం అదే. మీ రిపోర్టు మళ్లీ తీసి ఆకుపచ్చ గడి చూడండి. మీ ఇంట్లో ఎప్పుడూ వండనివి, పాప జన్మలో రుచి చూడని విదేశీ చేపలు, గింజలు అందులో ఎక్కువగా కనిపిస్తాయి. ఇంకో మాట. ఐజీజీలో నాలుగో రకం ఉంది. అది చాలాసార్లు శరీరం ఆ ఆహారానికి అలవాటు పడిందనడానికి గుర్తు. అంటే ఎరుపు గడిలో ఉన్న కొన్నిటిని పాప ఒళ్లు హాయిగా ఒప్పుకుని ఉండవచ్చు.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. ఆహారం పడకపోవడాన్ని తేల్చడానికి ఈ పరీక్ష వాడవద్దని ఐరోపా అలర్జీ వైద్యుల సంఘం 2008లో, అమెరికా వాళ్లు 2010లో, కెనడా వాళ్లు 2012లో రాతపూర్వకంగా చెప్పారు. కెనడా వాళ్లు పిల్లల్ని ప్రత్యేకంగా తలుచుకుని మరీ రాశారు, ఈ రిపోర్టు పట్టుకుని తిండి కోసేస్తే ఎదుగుదల దెబ్బతింటుందని. వెంట్రుకల పరీక్షకైతే ఒక్క రూపాయి కూడా పెట్టకండి. వెంట్రుక అంటే కెరటిన్ అనే నిర్జీవమైన ప్రొటీన్. తిండి పడుతుందో లేదో చెప్పే ప్రతిరక్షకాలు అందులో ఉండవు.

ల్యాబు రిపోర్టు కంటే మంచి ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. రథయాత్రలో రెండు రసగొల్లాలు తినింది అన్నారు. ఆ సాయంత్రం దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చాయని ఎక్కడా రాయలేదు. రసగొల్లా అంటే ఛెనా, ఛెనా అంటే పాల ప్రొటీన్. పాలు విరిచి నీళ్లు పిండేసేటప్పుడు పాల చక్కెర చాలావరకు ఆ నీళ్లతో పోతుంది, ప్రొటీన్ మిగులుతుంది. పాప ఒంటికి పాల ప్రొటీన్ వెంటనే పడకపోయే అలర్జీ ఉంటే రెండు రసగొల్లాలకు అక్కడే తెలిసిపోయేది. బడిలో గుడ్డు కూడా తింటూనే ఉంది. అంటే పాలు, గుడ్డు విషయంలో అసలు పరీక్ష మీకు తెలియకుండానే కొంత జరిగిపోయింది. ఆ రోజుల గురించి పాపని కోప్పడకుండా అడగండి. ఏం తిన్నావు, ఎంత తిన్నావు, తర్వాత కడుపులో ఎలా ఉంది, దురద పెరిగిందా. ఆ జవాబులు డాక్టరుకి ల్యాబు కాగితం కంటే ఎక్కువ పనికొస్తాయి. అడగాలంటే ముందు పాపకి భయం పోవాలి, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇక మొదటి నెలలో దురద తగ్గడం. అదే నెలలో సబ్బు మార్చారు, రోజూ రెండుపూటలా నూనె రాశారు. పొడిబారి పగిలిన చర్మానికి ఈ రెండూ నిజంగా మేలు చేస్తాయి. పైగా ఇలాంటి దురదలు వాటంతట అవే హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ముదిరినప్పుడే మనం పరీక్షలకు పరిగెడతాం, ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది, ఆ ఘనత అప్పుడు చేసిన పనికి పోతుంది. ఒకేసారి మూడు పనులు చేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. తిండి అలాగే ఉండగా దురద మళ్లీ వచ్చిందంటే ఆ 38 పదార్థాలే కారణం అనుకోవడానికి ఆధారం ఇంకా తగ్గింది.

ఇప్పుడు మీరు ఊహించని చోటికి వస్తాను. గోధుమ మీద నాకు నిజంగానే అనుమానం ఉంది, కానీ ఆ రిపోర్టు చెప్పిన కారణంతో కాదు. ఏడేళ్ల పిల్లల్లో మామూలు ఎగ్జిమా (పొడి చర్మంతో వచ్చే దురద జబ్బు) మోచేతి మడతల్లో, మోకాలి వెనక గుంటల్లో వస్తుంది. మీ పాపకి మోచేతుల మీద, మోకాళ్ల మీద అని రాశారు. దానికి తోడు కడుపు ఉబ్బరం, విరేచనాలు, ఎదగకపోవడం. ఈ నాలుగూ కలిస్తే సీలియాక్ జబ్బు గురించి అడిగి తీరాలి. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు ఇది. కొందరికి మోచేతుల మీద, మోకాళ్ల మీద, పిరుదుల మీద విపరీతంగా దురదపెట్టే పొక్కులు కూడా వస్తాయి. గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో ఈ జబ్బు ఎక్కువ. అన్నం తినే మన వైపు తక్కువే కానీ లేకపోలేదు. తక్కువ కాబట్టే చాలాసార్లు ఎవరికీ తట్టదు. ఉందని నేను అనడం లేదు. ఉందో లేదో తేల్చకుండా వదలకూడదు అంటున్నాను.

తేల్చడానికి సరైన రక్తపరీక్ష ఉంది. టీటీజీ ఐజీఏ అంటారు (ఐజీఏ కూడా ఒక రకం ప్రతిరక్షకమే), దాంతో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడాలి. అది అనుమానంగా వస్తే ఎండోస్కోపీ చేసి పేగు ముక్క పరీక్షిస్తారు. కానీ ఒక చిక్కు: గోధుమ తింటూ ఉన్నప్పుడే ఈ పరీక్ష నిజం చెబుతుంది. ఐదు నెలలుగా మానేసిన పిల్లకి ఇప్పుడు చేస్తే, జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఆ పత్యం చేసిన పెద్ద నష్టాల్లో ఇదొకటి. అందుకని డాక్టరుతో మాట్లాడి, గోధుమ మళ్లీ మొదలుపెట్టి, రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు కనీసం ఆరు వారాలు పెట్టి, అప్పుడు రక్తం ఇవ్వాలి. ఆ ఆరు వారాల్లో కడుపు బాగా ఇబ్బంది పెడితే ఊరుకోకండి, డాక్టరుకి చెప్పండి, గడువు ఆయన మారుస్తారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లగానే మొదటి మాటగా ‘ఐదు నెలలుగా గోధుమ పెట్టట్లేదు’ అని చెప్పండి. చెప్పకపోతే ఆయన అప్పుడే పరీక్ష రాసేస్తారు.

సీలియాక్ అని తేలితే గోధుమ జీవితాంతం మానాలి, పిసరంత కూడా ఉండకూడదు. అప్పుడు మీ ఇప్పటి పత్యం సరిపోదు. మనం కొనే డబ్బా ఇంగువలో చాలావాటిల్లో గోధుమపిండి కలుస్తుంది. హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ ఉంటాయి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువాలో గోధుమ ఉంటుంది. చోడిపిండిలో (రాగిపిండిలో) గ్లూటెన్ లేదు, కానీ గోధుమ ఆడిన పిండిమరలోనే చోళ్లు ఆడిస్తే కలిసిపోతుంది. పూరీలు వేయించిన నూనెలో పకోడీ వేస్తే అంతే. ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే పదార్థాలు విడిగా రాయాలని 2020లో ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది, గ్లూటెన్ లేని ఆహారం అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించకూడదు. కానీ ఇదంతా తేలాక చేయాల్సిన పని. తేలకముందే సగం సగం మానడం రెండు విధాలా నష్టం: జబ్బు లేకపోతే పిల్లకి తిండి తగ్గింది, ఉంటే ఇంగువతో, బిస్కెట్లతో పేగు పాడవుతూనే ఉంది.

ఈ జబ్బుకీ గోధుమకీ సంబంధం తేల్చింది విల్లెం డికే అనే హాలెండ్ పిల్లల డాక్టరు. ఆయన 1950లో తన పరిశోధన ప్రకటించారు. పిల్లలకి గోధుమ మాన్పించి, కోలుకున్నాక మళ్లీ పెట్టి, జబ్బు తిరిగి వస్తుందో లేదో చూశారు. మాన్పించడం ఒక్కటే చూసి ఊరుకుంటే ఆయన మాటకు అంత బలం ఉండేది కాదు.

పత్యం పెట్టి చూడటం మంచి పద్ధతే, సరిగా చేస్తే. ఒకసారి ఒక్క పదార్థమే మానాలి. మానే ముందు రెండు వారాలు ఏం తింటోంది, దురద ఎంత, విరేచనాలు ఎన్ని, నిద్ర ఎలా ఉంది అని నోటుపుస్తకంలో రాయాలి. ఆ రోజుల్లో సబ్బు, నూనె, మందు ఏదీ మార్చకూడదు. తర్వాత రెండు నుంచి నాలుగు వారాలు ఆ ఒక్కటే మానాలి. తేడా లేకపోతే అది దోషి కాదు, వెంటనే తిరిగి పెట్టాలి. తేడా ఉన్నా తిరిగి పెట్టి చూడాలి, మళ్లీ రావాలి, అప్పుడే నమ్మాలి. మొదలుపెట్టే రోజే ముగిసే తేదీ కూడా క్యాలెండర్ మీద రాసుకోవాలి. ల్యాబు వాళ్లు ఇంకో ఆరు నెలలు అన్నారంటే ఆరు నెలల తర్వాత ఏం చూస్తారో అడగండి. ఆ ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

నిజమైన ఆహార అలర్జీ వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది ఐజీఈ అనే మరో రకం ప్రతిరక్షకం పని. తిన్న నిమిషాల్లోనో, రెండు గంటల లోపో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు ముఖం వాపు, వాంతులు, గొంతు బొంగురు, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం. ఇలా ఎప్పుడైనా జరిగి ఉంటే ఆ పదార్థం ఇంట్లో పెట్టి చూడకండి. చర్మం మీద సూదిమొనతో చేసే పరీక్షో, ఐజీఈ రక్తపరీక్షో దానికి పనికొస్తుంది, అదీ మీరు చెప్పే కథతో సరిపోలినప్పుడే. కథ లేకుండా వంద పదార్థాలకు ఐజీఈ చేయిస్తే అందులోనూ ఉత్త అనుమానాలే ఎక్కువ వస్తాయి. చివరి మాట ఎప్పుడూ ఆసుపత్రిలో డాక్టరు ఎదుట కొంచెం కొంచెంగా తినిపించి చూసేదే. ఆయాసం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ అదే నంబరు. అప్పుడు కావలసింది తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర వేసి ఇంట్లో కూర్చోవడం ప్రమాదం.

ఆ 38లో చాలావాటిని రేపటి నుంచే తిరిగి పెట్టవచ్చు. టమాటా, వంకాయ, అరటిపండు, కందిపప్పు, ఇంకా మీరు పేర్లు రాయని కూరగాయలు. వీటిని పాప ఏళ్ల తరబడి తినింది, తిన్న వెంటనే ఏదైనా అయిందని మీరు రాయలేదు. రెండు రోజులకొకటి చొప్పున కలపండి, కందిపప్పు అన్నిటికంటే ముందు. వంకాయ తింటే దురద పెరుగుతుందన్నది మన ఇళ్లలో పాత మాట. నోటి చుట్టూ కాస్త చిమచిమలాడితే అది వేరు, దాన్ని జబ్బుకి కారణం అనుకోకండి. గోధుమ డాక్టరు చెప్పిన రోజు నుంచి మొదలు. పాలు, గుడ్డు, వేరుశనగ, నువ్వులు ఈ నాలుగూ మాత్రం డాక్టరుని అడిగాకే పెట్టండి. ఎందుకంటే ఎగ్జిమా ఉన్న పిల్లలకి ఇవి నెలల తరబడి పూర్తిగా మాన్పించినప్పుడు, అంతకుముందు హాయిగా తిన్నదే తిరిగి పెట్టగానే గట్టిగా పడకపోవడం కొందరిలో జరుగుతుంది. శరీరానికి ఉన్న అలవాటు పోతుంది. మీ పాప రసగొల్లా, గుడ్డు కూర తింటూ రావడం ఈ విషయంలో మేలే చేసింది. ఆ మాట డాక్టరుకి చెబితే ఆయనకీ నిర్ణయం సులువవుతుంది. పాలు తాగితేనే ఉబ్బరం, విరేచనం వచ్చి, పెరుగు, ఛెనా బాగానే పడుతుంటే అది అలర్జీ కాదు, పాల చక్కెర అరగకపోవడం. పేగు ఏ కారణంతో దెబ్బతిన్నా కొన్నాళ్లు అలా ఉంటుంది.

ఇవన్నీ కుదిరేలోపు పాప కడుపు నిండాలి. చోళ్లు ఎరుపులో ఉన్నాయని మీరు రాయలేదు. ఉన్నా సరే, అంబలి మొదలుపెట్టండి. మన తాతముత్తాతలకు ఒడిశా కొండల్లో ఒంటికి బలమిచ్చింది అదే. వంద గ్రాముల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, వంద గ్రాముల చోళ్లలో మూడు వందల యాభై వరకు ఉంటుంది. అది పొడి గింజల లెక్క. అంబలి పల్చగా కాస్తే అంత రాదు, కాబట్టి చిక్కగా, ముద్దగానే పెట్టండి. పెసరపప్పు, ఉలవలు, బొబ్బర్లు, కోడిమాంసం, ముళ్లతో సహా నమిలేసే చిన్న చేపలు, ఉడికించిన పనస పిక్కలు, మీరు తింటే ఇవన్నీ ఉన్నాయి. ప్రతి పూటా తిండిలో ఒక చెంచా నూనె కలపండి, బరువు పెరగడానికి అది బాగా సాయపడుతుంది. మూడు పూటలతో ఆపకుండా మధ్యలో రెండుసార్లు పెట్టండి.

డాక్టరు దగ్గర ఇంకొన్ని అడగాలి. కొండ జిల్లాల్లో పిల్లలకి కడుపునొప్పి, విరేచనాలు, బరువు తగ్గడం అంటే తిండి కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. మలపరీక్ష చేయించండి, ఒక్క రోజుది కాదు, మూడు వేర్వేరు రోజులది. గియార్డియా అనే క్రిమి ఒకరోజు కనిపిస్తే ఒకరోజు కనిపించదు, అది ఇలాగే నెలల తరబడి ఉబ్బరం, విరేచనాలు పెడుతుంది. బడిలో నులిపురుగుల మాత్ర వేశారో లేదో కనుక్కోండి. ఒక్కసారి వేసే ఆ మాత్రతో గియార్డియా పోతుందని అనుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా నెలల తరబడి దగ్గు ఉంటే క్షయ సంగతి చూడాలి. దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ చాలా కుటుంబాల్లో ఉంది, దానివల్ల కూడా కడుపునొప్పి, ఎదుగుదల తగ్గడం ఉంటాయి. కేంద్రం 2023లో దీనికి ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది, ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవచ్చు. రక్తహీనత, మూత్రం, ఒంటి లోపలి వాపు చూపే పరీక్షలు మామూలుగానే చేస్తారు. రాత్రి నొప్పితో నిద్రలేవడం, మలంలో రక్తం, విడవని జ్వరం, కీళ్ల నొప్పులు, నోటిపూత, వీటిలో ఏదున్నా పిల్లల పేగుల డాక్టరు చూడాలి.

చర్మం కూడా చర్మ డాక్టరే చూడాలి. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో కూడా పొక్కులుండి, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే అది గజ్జి కావచ్చు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోకపోతే అది ఎన్నాళ్లైనా తిరుగుతూనే ఉంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు వాడుతుంటే వాటి ఖాళీ ట్యూబులు కూడా డాక్టరుకి చూపించండి. ఎగ్జిమా అని తేలితే అసలు వైద్యం చర్మానికే: స్నానం అయిన వెంటనే తడి ఆరకముందే మాయిశ్చరైజర్, డాక్టరు చెప్పిన లెక్కలో, చెప్పిన రోజులు స్టెరాయిడ్ పూత. ఆ పూతకు భయపడి సగంలో ఆపేసి తిండి మాన్పించడం నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను. తగిన మోతాదు పూత కంటే తిండి లేకపోవడమే పిల్లకి ఎక్కువ హాని.

ఎక్కడికి వెళ్లాలంటే, ముందు రాయగడ జిల్లా ఆసుపత్రి పిల్లల విభాగం. అక్కడి నుంచి కొరాపుట్ లేదా బరంపురం ప్రభుత్వ వైద్య కళాశాల, ఇంకా అవసరమైతే భువనేశ్వర్ ఎయిమ్స్. విశాఖ మీకు రైల్లో అందుబాటే, అక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా సరే. ఏదైనా ఒకచోట ఆగి, చెప్పింది పూర్తిగా చేయండి. నాలుగుచోట్ల నాలుగు చీటీలు పట్టుకుంటే ఎవరూ మొదటి నుంచి చివరి వరకు చూడలేరు. బడికి, అంగన్‌వాడీకి పిల్లల ఆరోగ్యం చూడటానికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందానికి పాప పేరు రాయించండి, పెద్దాసుపత్రికి పంపే కాగితం వాళ్లే ఇస్తారు. మీ ల్యాబు రిపోర్టు కూడా తీసుకెళ్లండి. మాన్పించిన వస్తువుల జాబితాగా మాత్రమే అది పనికొస్తుంది.

బాబుకి ఏ పరీక్షా వద్దు. పరీక్ష కంటే వాడికి కావలసింది అన్నిరకాల తిండి. అంగన్‌వాడీ ఛతువా పెట్టండి, గుడ్డు పెట్టండి, వేరుశనగ కూడా పెట్టండి. లండన్‌లో జరిగి 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసివాళ్లకు ఏడాది నిండకముందే వేరుశనగ అలవాటు చేస్తే, ఐదేళ్లకు ఆ అలర్జీ వచ్చినవాళ్లు ఎంతో తగ్గారు. దాచిపెట్టడమే మంచిదన్న పాత నమ్మకం దాంతో పోయింది. ఒక్కటే జాగ్రత్త: ఐదేళ్ల లోపు గింజలు గింజలుగా ఇవ్వవద్దు, గొంతుకడ్డం పడతాయి. పొడిగానో, మెత్తటి ముద్దగానో పెట్టండి. పాపకి సీలియాక్ తేలితే మాత్రం బాబుకీ, మీ ఇద్దరికీ కూడా ఆ రక్తపరీక్ష చేయించాలి, అది కుటుంబాల్లో నడిచే జబ్బు.

ఇప్పుడు పాప సంగతి. ఏడేళ్ల పిల్ల అన్నం చాటుగా తినే స్థితికి రావడం నాకు చాలా బాధ కలిగించింది. అది దొంగతనం కాదమ్మా, ఆకలి. ఈ రోజే కూర్చోబెట్టుకుని, ‘నీ తప్పేం లేదు, రసగొల్లా తిన్నావని కోపం లేదు, ఇకమీదట మన ఇంట్లోనే కలిసి తిందాం’ అని చెప్పండి. వాళ్ల నాన్న కూడా పక్కనే ఉంటే మంచిది. తిండి తన శత్రువు అన్న భయం లోపల పడితే పెద్దయ్యాక కూడా వదలదు. బడిలో మేష్టారికి, వండే అమ్మకి కబురు చెప్పండి: దాల్మా (కూరగాయలు కలిపిన పప్పు) అందరితో పాటు పెట్టమని. గుడ్డు సంగతి డాక్టరుని అడిగి రెండు మూడు రోజుల్లో చెబుతానని, అప్పటిదాకా ఆమెని అందరి ముందూ వేరుగా కూర్చోబెట్టవద్దని. అత్తగారి మాట మీకు గుచ్చుకుని ఉంటుంది, కానీ ఆవిడ చూసింది నిజమే. ఆవిడనీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు ఏం చెప్పారో ఇద్దరూ ఒకేసారి వింటే, ఇంట్లో ఏం వండాలన్న గొడవ సగం తగ్గుతుంది, పాపకి ఇద్దరూ ఒకటే మాట చెబుతారు.

వెళ్లొచ్చాక బరువు, ఎత్తు, డాక్టరు రాసిన పరీక్షల పేర్లు నాకు రాయండి. గోధుమ ఏ తేదీ నుంచి మొదలుపెట్టారో కూడా రాయండి, రక్తపరీక్షకు తేదీ దాన్నిబట్టే లెక్కపెట్టాలి.